తిరిగొచ్చే ఊరిని బట్టి బడి



నేను బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు చేసి ఓవర్‌మన్‌గా రిటైరైనవాణ్ని. మా కాలంలో పిల్లల బడి గురించి తల పట్టుకునే పనే లేదు. కంపెనీ క్వార్టర్ దొరికిందంటే ఆ కాలనీ బడే మన బడి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బాయిలు మూతపడి ఓపెన్‌కాస్టులు వచ్చినంక మా పిల్లలు గల్ఫ్ బాట పట్టారు. మునుపు మగవాళ్లు ఒక్కరే పోయేవారు. ఇప్పుడు జీతం కాస్త బాగుంటే ఆలుబిడ్డల్ని కూడా తీసుకుపోతున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: తిరిగొచ్చే ఊరిని బట్టి బడిని ఎంచుకోండి.

నా కొడుకు దుబాయ్‌లో క్రేన్ల సూపర్‌వైజర్‌గా చేశాడు. ఎమిరేట్స్‌లో 4,000 దిర్హాముల జీతం ఉన్నా, 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఇచ్చినా కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. ఆ జీతం వీసాకు సరిపోతుంది గాని బడి ఫీజులకు ఏ మూలకూ రాదని చాలామందికి అక్కడ దిగినంకే తెలుస్తుంది. మావాడికి కంపెనీయే ఫీజు కట్టింది. అందుకని ఇంటికి దగ్గరలో, ఈత కొలను ఉన్న బ్రిటిష్ సిలబస్ బడిలో పిల్లను వేశారు. ఫొటోలు చూసి నేనూ సంబరపడ్డాను. నాలుగేళ్లకు కాంట్రాక్టు అయిపోయింది. అక్కడ పిల్లల వీసా తండ్రి ఉద్యోగం మీదే నడుస్తుంది, అది పోయిననాడు బడీ పోతుంది. మనుమరాలు తొమ్మిదో తరగతికి గోదావరిఖని వచ్చింది.

వచ్చిన వారానికి దాన్ని బస్టాండుకు తీసుకుపోయాను. కరీంనగర్ బస్సు వచ్చి ముందర ఆగింది. పిల్ల బోర్డు వైపు చూసి, పెదాలు కదిలించి, "తాతా, మొదటిది క కదా?" అంది. రెండో అక్షరం కూడబలుక్కునేలోపు బస్సు కదిలింది. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల అది. ఆ రాత్రే పలక కొనుక్కొచ్చాను. గుణింతాలు తొందరగానే పట్టుకుంది గాని వత్తుల దగ్గర ఆగిపోయింది. 'పద్మ' రాయమంటే ద పక్కన మ పెట్టి, అది కిందికి ఎందుకు దిగాలని కళ్లనీళ్లు పెట్టుకుంది. రాష్ట్రంలో ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. అక్కడేమో తొమ్మిదో తరగతి దాకా అరబిక్ తప్పనిసరి. నడుమ నలిగేది పిల్ల.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. మెడిసిన్ సీటుకు స్థానికులు కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదవాలని 2024 జూలైలో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మావాడు ఇంకొక్క ఏడాది అక్కడే ఉండి ఉంటే, ఇక్కడే పుట్టిన పిల్ల ఇక్కడే స్థానికురాలు కాకుండా పోయేది. 2022లో మన రామగుండంలోనే మెడికల్ కాలేజీ తెరిచారు. ఆ గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇంటర్నేషనల్ బడిలో ఇంగ్లీషు బాగా వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనను. అమెరికాకు పోయి అక్కడే స్థిరపడేవాళ్ల లెక్క కూడా వేరు. అక్కడ ఇంటి చిరునామాను బట్టే ప్రభుత్వ బడి వస్తుంది, ఇల్లు చూసుకోవడమే బడి చూసుకోవడం. గల్ఫ్‌లో మన కార్మికుడికి పౌరసత్వం రాదు. ఎన్నేళ్లున్నా తిరుగు ప్రయాణం తప్పదు. దుబాయ్‌లో ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి బడులకు గ్రేడ్లు ఇచ్చింది, అవి చూడాల్సిందే. అయితే తిరిగొచ్చినంక పిల్ల ఇక్కడి తరగతిలో ఇముడుతుందో లేదో ఆ గ్రేడు చెప్పదు. అందుకే అక్కడి సీబీఎస్ఈ బడినే ముందుగా అడగండి. సీబీఎస్ఈలో తెలంగాణ తెలుగు విడిగా ఒక సబ్జెక్టుగా ఉంది. గల్ఫ్ బడుల్లో హిందీ, మలయాళం దొరికినంత తేలిగ్గా తెలుగు దొరకదు. దొరకకపోతే రోజూ ఒక అరగంట ఇంట్లోనే అక్షరాలు దిద్దించండి. అది అమ్మానాన్నల వల్ల అయ్యే పనే, మేము చెయ్యలేదు.

బడులు తెరిచే నెలలు కూడా కలవవు. అక్కడి ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో, బ్రిటిష్ బడులు సెప్టెంబరులో, మన బడులు జూన్‌లో మొదలవుతాయి. ఏడాది నడుమ వచ్చిన పిల్లకు ఎక్కడా సరైన చోటు ఉండదు.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఒక కాగితం తీసుకోండి. పిల్ల ఇప్పుడు ఏ తరగతో రాసి, కాంట్రాక్టు ఎన్నేళ్లో దానికి కలపండి. మొత్తం తొమ్మిది దాటితే పిల్లను ఇక్కడే ఉంచాలా, మధ్యలో పంపాలా అన్నది విమానం ఎక్కకముందే భార్యాభర్తలు కూర్చుని తేల్చుకోండి. ఫీజు ఎవరు కడతారో కంపెనీ చేత రాయించుకోండి.

- రిటైర్డ్ ఓవర్‌మన్, గోదావరిఖని