సైటు మూస్తే సరిపోదు, దారి చూపించాలి

ఆఫీసులో ఒక సైటు మూసేసారంటే దాన్ని తెరిచే దారి కనిపెట్టడం మన సాఫ్టువేరు వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. ఆ దారిని మళ్ళీ మూసెయ్యడం నెట్‌వర్క్ అడ్మిన్‌కి జీతం వచ్చే పని. ఈ దాగుడుమూతల గురించి మనం నవ్వుకుంటూ చెప్పుకుంటాం గానీ, నాకు మాత్రం ఇందులో నవ్వులాట తక్కువే కనిపిస్తుంది. ఎందుకంటారా? శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి విశాఖకో, హైదరాబాదుకో, బెంగుళూరుకో వచ్చి ఈ ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఫైర్‌వాల్‌కి ఇటు కూర్చుని కోడు రాసేవాడూ మనవాడే, అటు కూర్చుని లాగులు చూసేవాడూ మనవాడే. ఒకడు రాజాంలో ఇంజనీరింగు చదివుంటాడు, ఇంకొకడు టెక్కలిలో చదివుంటాడు. అంతే తేడా.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆఫీసు నెట్ మీద ఆంక్షలు పెట్టడం తప్పు కాదు. కారణం చెప్పకుండా, అడగడానికి దారి లేకుండా పెట్టడం తప్పు. అలా పెట్టిన ప్రతిచోటా కంపెనీ తన గోడకి తనే కన్నం పెట్టుకుంటున్నట్టు లెక్క. కాకపోతే ఆ కన్నంలోంచి దూరినవాడు మాత్రమే పట్టుబడతాడు.

ముందు కాస్త పాత సంగతులు. 2000ల మొదట్లో చాలా ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో కాపలా కాసింది స్క్విడ్ అనే ఉచిత ప్రాక్సీ సర్వరు. బ్రౌజరు సెట్టింగుల్లో 3128 అనే పోర్టు నంబరు కొట్టిన జ్ఞాపకం చాలామందికి ఉండే ఉంటుంది. మూసెయ్యాల్సిన పేర్లు ఒక ఫైల్లో రాసి పెడితే చాలు, పని జరిగిపోయేది. డబ్బున్న కంపెనీలు వెబ్‌సెన్స్ లాంటివి కొనుక్కునేవి (దాని పేరు 2016లో ఫోర్స్‌పాయింట్ అయింది). అది సైట్లన్నింటినీ వర్గాలుగా విడగొట్టి, ఏ వర్గం కావాలో, ఏది వద్దో అడ్మిన్‌ని ఎంచుకోమనేది. 2004లో మొదలైన ఆర్కుట్ ఆ ఎంపికలో మొదటి వరసలో ఉండేది. అది 2014 సెప్టెంబరు 30న తనంతట తానే మూతపడింది, అది వేరే సంగతి.

మనవాళ్ళేం తక్కువ తిన్నారా? పేరు మూస్తే ఐపీ అడ్రసు కొట్టారు. అదీ మూస్తే గూగుల్ కాష్‌లో చదివారు. తర్వాత వెబ్ ప్రాక్సీలొచ్చాయి. చాటింగు సాఫ్టువేరు మూస్తే బ్రౌజరులోనే నడిచే మీబో 2005లో వచ్చింది. చైనాలో ప్రభుత్వ సెన్సారుని తప్పించుకోవడానికి 2002లో తయారైన అల్ట్రాసర్ఫ్‌ని మనవాళ్ళు క్రికెట్ స్కోరు కోసం వాడారు. కొంచెం ముదురు కేసులైతే ఇంట్లో ఉన్న లినక్సు పెట్టెకి 443 పోర్టు మీద ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వేసుకునేవాళ్ళు.

ఈ 443 కిటుకు ఎందుకు పనిచేసిందో చూడండి. మామూలు హెచ్‌టీటీపీ పేజీ అయితే ప్రాక్సీ పూర్తిగా చదవగలదు. హెచ్‌టీటీపీఎస్ అయితే "ఫలానా చోటికి కలుపు" అన్న ఒక్క మాటే దానికి వినిపిస్తుంది. ఆ తర్వాత అది ఉత్త గొట్టం. ఆ గొట్టానికి అటు చివర బ్యాంకు ఉందో, మీ ఇంట్లో పెట్టె ఉందో దానికి తెలీదు.

అడ్మిన్లు దానికీ మందు కనిపెట్టారు. ఎవరి మెషీను నుంచి ఒకే అడ్రసుకి గంటల తరబడి కనెక్షను తెరిచి ఉందో చూడ్డం మొదలెట్టారు. మెషీన్ల మీద మన అడ్మిన్ హక్కులు తీసేసారు. ఆఖరికి ఆ గొట్టాన్నే కోసారు. కంపెనీ తన సొంత రూట్ సర్టిఫికెట్‌ని అందరి మెషీన్లలో పెట్టి, మధ్యలో హెచ్‌టీటీపీఎస్‌ని విప్పి చదివి, మళ్ళీ మూటకట్టి పంపుతుంది. బ్రౌజరులో తాళం బొమ్మ చూసి మనం ధైర్యంగా ఉంటాం గానీ ఆ తాళం ఆఫీసు వాళ్ళది. చాలాచోట్ల బ్యాంకు, ఆస్పత్రి సైట్లని ఈ తనిఖీ నుంచి మినహాయిస్తారు. మీ ఆఫీసులో మినహాయించారో లేదో మీకు తెలుసా? అడిగారా ఎప్పుడైనా?

ఇక్కడిదాకా ఇది పిల్లీ ఎలకా ఆటే. అసలు గొడవ గంపగుత్తగా మూసినప్పుడు మొదలవుతుంది.

మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2006 జులై 11న ముంబై రైళ్ళలో పేలుళ్ళు జరిగాయి. ఆ వారంలోనే టెలికాం శాఖ కొన్ని సైట్లు మూసెయ్యమని ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశమిచ్చింది. జాబితాలో ఉన్నవి కొన్నే. కానీ అందులో ఒక్కొక్క పేజీనే ఆపడం చేతకాని కంపెనీలు ఏకంగా బ్లాగ్‌స్పాట్ మొత్తానికే తలుపేసాయి. కొన్ని రోజులపాటు వంటలు రాసుకునేవాళ్ళూ, కవితలు రాసుకునేవాళ్ళూ అందరూ నిషేధితులే. ఆ సమయంలో మనవాళ్ళని ఆదుకున్నది పీకేబ్లాగ్స్ అనే సైటు. అది అంతకు కొన్ని నెలల ముందు పాకిస్తాన్‌లో ఇలాంటి నిషేధమే వస్తే అక్కడివాళ్ళు పెట్టుకున్నది! ప్రాక్సీ అంటే ఏమిటో అంతవరకూ తెలియని మర్యాదస్తులు కూడా ఆ వారంలో నేర్చేసుకున్నారు. గంపగుత్త నిషేధం చేసే మొదటి పని అదే, తప్పించుకోవడం అవసరం లేనివాడికి కూడా నేర్పిస్తుంది.

ఆఫీసులో కూడా అంతే. పక్కదారి పట్టేవాళ్ళు నా లెక్క ప్రకారం మూడు రకాలు. ఒకటి టైంపాస్ గాళ్ళు. వీళ్ళ సంగతి మేనేజరు చూసుకోవాలి, ఫైర్‌వాల్ కాదు. పని చెయ్యనివాడికి నెట్ తీసేస్తే క్యాంటీన్‌కి పోతాడు. రెండోరకం చిన్న చిన్న సొంత పనులున్నవాళ్ళు. సంక్రాంతికి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి టికెట్టు కావాలంటే పొద్దున్న 8కి బుకింగ్ తెరిచిన కొద్ది నిముషాల్లోనే అయిపోతుంది. తప్పితే తత్కాల్, ఏసీకి 10కి, స్లీపరుకి 11కి. సరిగ్గా మనం ఆఫీసులో ఉండే టైము. పండక్కి ఇంటికెళ్ళాలనుకున్నవాడు రైల్వే సైటు మూసేసి ఉంటే ఏం చేస్తాడు? మూడోరకం పనికోసమే తప్పించుకునేవాళ్ళు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది వీళ్ళ గురించే.

పదేళ్ళు దాటింది. నేను పనిచేసిన ఒక కంపెనీలో బొబ్బిలి వైపు కుర్రాడొకడు కొత్తగా చేరాడు. మొదటి ఉద్యోగం, ఇంటికి నెలనెలా డబ్బు పంపేవాడు. వాడి పనికి ఒక లైబ్రరీ కావాలి. అది ఉన్న సైటు 'ఫైల్ షేరింగ్' వర్గంలో పడి మూసి ఉంది. పద్ధతి ప్రకారం టికెట్ వేసాడు. తొమ్మిది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. డెలివరీ తేదీ నెత్తిమీదకొచ్చింది. ఎవరో ఫ్రెండు జిప్ ఫైల్లో పంపిన ప్రాక్సీ సాఫ్టువేరు వాడి ఆ లైబ్రరీ దించుకుని, పని పూర్తి చేసాడు. టీమ్ మొత్తం మెచ్చుకుంది కూడా. తర్వాతి నెల క్లయింటు ఆడిట్‌లో లాగు బయటపడింది. వారం తిరక్కుండా వాణ్ణి ఇంటికి పంపేసారు.

ఆ రిపోర్టు రాసిన అడ్మిన్ పలాస వైపు కుర్రాడు. నాతో బాగా చనువుగా ఉండేవాడు. "నాకేటి సరదానా అన్నా, ఆడి మీద రాయడం? లాగులో ఉంది. రాయకపోతే రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు, నువ్వేటి సేస్తన్నావని" అన్నాడు. వాడి మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఆ టికెట్ల వరస చూడ్డం వాడి పని కూడా కాదు. మూడు షిఫ్టులకి ఇద్దరు మనుషులున్న టీమ్ అది.

నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కుర్రాడు వెళ్ళిపోయిన రెండు రోజులకి వాడి టికెట్ మీద 'పరిష్కరించబడింది' అని పడింది. సైటు తెరిచారు!

మరి కుర్రాడు చేసింది ఒప్పా? కాదు. ఎందుకు కాదో కూడా చెప్పాలి. ఉచితంగా దొరికే ఇలాంటి సాఫ్టువేరు ఊరికే రాదు. హోలా అనే ఉచిత వీపీఎన్‌ని లక్షలమంది వాడేవాళ్ళు. అది తన వాడకందార్ల కనెక్షన్లనే ఇంకో పేరుతో డబ్బుకి అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే ఎవడో ముక్కూమొహం తెలియనివాడు మీ కంప్యూటరు మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్తాడు. అదే ఆఫీసు మెషీను అయితే? లోపల క్లయింటు డేటా ఉంటే? అడ్మిన్ భయం ఉత్తిదేం కాదు. మనకి అది ఒక సైటు, వాడికి అది తెరిచి వదిలేసిన పెరటి తలుపు.

అందుకే ఆంక్షలు ఉండాలి. ఎలా ఉండాలో తెలుసుకోడానికి పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు, మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ చాలు. దసరా తర్వాత వచ్చే మంగళవారం. సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. లక్షల జనం. ఆ రోజు ఊరి నడిమధ్య రోడ్లు మూసేస్తారు. ఎవరైనా బారికేడ్లు విరగ్గొట్టుకుని బండి తోలుతున్నారా? లేదు. ఎందుకు మూసారో అందరికీ తెలుసు. బండ్లు ఏ రోడ్డున పోవాలో, ఎక్కడ ఆపుకోవాలో ముందే చెప్తారు. పండగవ్వగానే తీసేస్తారు. కారణం, ఇంకో దారి, గడువు. ఈ మూడూ ఉంటే జనం దానంతట అదే సర్దుకుంటారు.

ఈ మూడూ ఆఫీసు నెట్‌వర్కులో పెట్టడానికి ఖర్చు పెద్దగా అవదు. సైటు మూసినప్పుడు వచ్చే పేజీలో 'నిషేధించబడింది' అని ఎర్రక్షరాలు బదులు, ఏ కారణానికి మూసారో ఒక ముక్క రాయండి. పనికి కావాలంటే ఎవర్ని అడగాలో ఒక లంకె ఇవ్వండి. ఒక్క పని రోజులో జవాబివ్వండి, కాదు అన్నా సరే, కానీ చెప్పండి. అవసరమైతే వారం రోజులకే తెరవండి. సొంత పనులకి వేరే గెస్ట్ వైఫై ఇచ్చేస్తే రైలు టికెట్టు గొడవ అక్కడితో సరి.

ఇది జరిగే పనేనా అంటే, 2020లో జరిగింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మనవాళ్ళు లాప్‌టాపులు పట్టుకుని ఊళ్ళకి చేరారు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసినవాళ్ళు ఎంతమందో. ఆఫీసు వీపీఎన్ వేస్తే వీడియో మీటింగు కూడా ఆఫీసు గేట్‌వే చుట్టూ తిరిగి రావాలి, మాట ముక్కలైపోయేది. దాంతో మీటింగు టైముకి వీపీఎన్ తీసేసేవాళ్ళు. ఇదీ పక్కదారే. అప్పుడు చాలా కంపెనీలు ఏం చేసాయి? కూర్చుని నోటీసులివ్వలేదు. మీటింగు ట్రాఫిక్కుని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలి, మిగతాది వీపీఎన్‌లో ఉంచాయి. స్ప్లిట్ టన్నెలింగ్ అంటారు దాన్ని. మైక్రోసాఫ్ట్ కూడా అదే సలహా ఇచ్చింది. అవసరాన్ని ఒప్పుకున్నారు, దారి ఇచ్చారు, తప్పించుకోవాల్సిన పని లేకుండా పోయింది.

ఇప్పుడు అదే పరీక్ష మళ్ళీ వచ్చింది. ఈసారి ఏఐ రూపంలో. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కంపెనీ సోర్సు కోడుని చాట్‌జీపీటీలో పెట్టారని తెలిసాక ఆ కంపెనీ అలాంటి వాటిని నిషేధించింది. 2025 జనవరి చివర్లో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన ఉద్యోగులకి చెప్పింది. భయం సబబే. కానీ పాత రోజులకీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. ఆర్కుట్ రోజుల్లో తప్పించుకోవాలన్నా ఆఫీసు నెట్‌లోంచే పోవాలి, కనీసం లాగులో కనిపించేది. ఇప్పుడు జేబులో ఫోనుంది. స్క్రీను ఫోటో తీసి ఫోన్లో ఉన్న ఏఐని అడిగేవాణ్ణి ఏ ఫైర్‌వాల్ పట్టుకుంటుంది? మీరు మూసినప్పుడు డేటా ఆగదు, మీకు కనిపించని చోటికి పోతుంది. కంపెనీ తన షరతుల మీద ఒక ఏఐ ఇచ్చి, ఇందులో ఏది పెట్టొచ్చో ఏది పెట్టకూడదో చెప్తే, అప్పుడు అడ్మిన్‌కి కాపలా కాయడానికి ఒక గేటంటూ మిగులుతుంది.

ఇకపోతే మన కొత్త కుర్రాళ్ళకి ఒక మాట. పనికోసమే అయినా సరే దొంగదారి తొక్కకండి. టికెట్ వెయ్యండి, జవాబు రాకపోతే మేనేజరుని కలిపి మెయిలు పెట్టండి, మూడోరోజు మళ్ళీ పెట్టండి. పని ఆగితే ఆగనివ్వండి. ఆగిన పనికి సమాధానం చెప్పుకోవాల్సింది సైటు మూసినవాళ్ళు. దొడ్డిదారిన పూర్తిచేసిన పనికి సమాధానం చెప్పుకోవాల్సింది మీరు. ఆడిట్ రోజున మెచ్చుకున్న టీమ్ ఎవరూ మీ పక్కన నిలబడరు.

మేనేజర్లకి కూడా ఒక్క మాట. ఎవడైనా ప్రాక్సీ వాడి దొరికితే, వాడి మీద చర్య తీసుకునే ముందు వాడు వేసిన టికెట్లేమైనా పెండింగులో ఉన్నాయేమో చూడండి. ఉంటే విచారణ రెండు వైపులా జరగాలి. ఒకవైపే జరిగినన్నాళ్ళూ అడ్మిన్లు కొత్త గోడలు కడుతూనే ఉంటారు, కుర్రాళ్ళు కొత్త కన్నాలు వెతుకుతూనే ఉంటారు, ఎవరో ఒకడు మధ్యలో సామాను సర్దుకుని ఊరి రైలెక్కుతూనే ఉంటాడు.