ములికి లేని బొంగరం

వారం రోజులుగా ఒక బొమ్మ వాట్సాప్‌లో ఊరేగుతోంది. పల్లెటూరి వీధి, సాయంత్రపు ఎండ, మల్లెపూవులాంటి పంచె కట్టిన ఏడేళ్ల కుర్రాడు, వాడి ముందు తాటికాయల బండి. కింద ‘ఆ రోజులే వేరు’ అని బంగారు రంగు అక్షరాలు. మా చుట్టాల గ్రూపులో పెద్దవాళ్లంతా దండాలు, కన్నీటి చుక్కలు, గుండె గుర్తులు కుమ్మరించేశారు. ఒక్కరికీ బండి కేసి చూసే తీరిక మాత్రం లేకపోయింది. నేను చూశాను. అవి తాటికాయలే కావు. నల్లగా నిగనిగలాడే రెండు ఉండలు. వాటికి ఎడ్లబండి చక్రానికి ఉన్నట్టు ఆకులు! ఇరుసు ఒక చక్రంలోంచి బయల్దేరి రెండోదాన్ని చేరకుండానే గాల్లో కలిసిపోయింది. కుర్రాడి చేతి కర్రకు పంగ లేదు. పైగా అది బండిని ఎక్కడా తాకడం లేదు. ఈ బండిని రెండడుగులు తోయమనండి, చూద్దాం.

ఎవరో నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరు కక్కిన బొమ్మ అది. ఏఐ అంటున్నారు, సరే. దాన్ని తిట్టి లాభం లేదు. చూసినదాన్నే అది గీస్తుంది. ఎడ్లబండి ఫొటోలు లక్షల్లో చూసి ఉంటుంది. తాటికాయల బండిని ఫొటో తీసి, పేరు రాసి పెట్టినవాళ్లు మనలో ఎందరున్నారు? నా కోపమంతా దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్ల మీద. ఆ బండి తోలిన చేతులే కదా అవి!

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ముంజెలు తిని పారేసిన కాయల్లోంచి ఒకే సైజువి రెండు ఏరుకోవాలి. కత్తివేటు పడ్డ వైపు ముంజెలు పెకలించిన గుంటలు, సాధారణంగా మూడు, కనిపిస్తుంటాయి. తోలు వంకాయ రంగులో ఉంటుంది, కోసిన చోట పీచు. రెండు కాయల మధ్య మూరెడు పుల్ల గుచ్చితే అదే ఇరుసు. పంగ ఉన్న పొడుగాటి కర్రను ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తడమే. కాయ పూర్తి గుండ్రం కాదు కాబట్టి బండి ఎగిరెగిరి పడుతుంది. తిరిగీ తిరిగీ చిల్లు పెద్దదై సాయంత్రానికి ఒక చక్రం ఊడి మురిక్కాలవలో పడుతుంది. నాలుగు రోజులకు కాయ వడలిపోతుంది. మళ్లీ ఎవరైనా గెల దింపేదాకా బండి లేదు. ఎండాకాలం పోతే ఏడాది దాకా లేదు. వడలిపోని తాటికాయల బండిని నేనెక్కడా చూడలేదు.

తర్వాత రెండురోజులకు అదే గ్రూపులోకి బొంగరం బొమ్మ వచ్చింది. దానికి ములికి లేదు. మేకు దిగని బొంగరం నేల మీద దేని మీద తిరుగుతుంది? తాడేమో టైలరు దారపు రీలుకు చుట్టినట్టు నడుముకు చుట్టి ఉంది. తాడు ములికి దగ్గర మొదలుపెట్టి, వరస మీద వరస బిగిస్తూ పైకి చుట్టాలి. కొసను వేలికి తగిలించుకోవాలి. విసిరిన క్షణంలోనే వెనక్కి గుంజాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా బొంగరం గిలగిల కొట్టుకుని పడిపోతుంది. పైగా ఈ బొంగరం ఒంటి మీద గంటు ఒక్కటీ లేదు. పక్కవాడి ములికి పోటు పడకుండా సెలవులు దాటిన బొంగరం మా వీధిలో ఉండేది కాదు.

కంప్యూటరు మీద నాకు పగేమీ లేదు. ఆ మాటకొస్తే కంప్యూటరు బొమ్మల కళ ఆటబొమ్మలతోనే పైకొచ్చింది. పిక్సార్ వాళ్లు 1988లో ‘టిన్ టాయ్’ అని బుల్లి సినిమా తీశారు. వాయిద్యాలు కట్టుకున్న ఒక రేకుబొమ్మ, దాన్ని తరిమే ఓ పసివాడు, అంతే కథ. ఆస్కార్ అందుకున్న మొదటి కంప్యూటర్ యానిమేషన్ చిత్రం అది. ఇప్పుడు చూస్తే ఆ పసివాడు దయ్యప్పిల్లలా ఉంటాడు. రేకుబొమ్మ మాత్రం దివ్యంగా ఉంటుంది. చర్మం, జుట్టు అప్పటి కంప్యూటర్లకు కొరుకుడు పడలేదు. రేకు, ప్లాస్టిక్, వార్నిషు వేసిన చెక్క ఇట్టే లొంగాయి. 1995లో ‘టాయ్ స్టోరీ’ వచ్చేసరికి ఆ సులువునే బలం చేసుకున్నారు. దర్శకుడు జాన్ లాసెటర్‌కు బొమ్మలంటే ప్రాణం. ఏ కీలు ఎటు వంగుతుందో తెలిసి తీశాడు. అందులోని స్ప్రింగు కుక్క అమెరికా పిల్లలు నిజంగా ఆడుకున్నదే. దాని తయారీ ఆగిపోయి ఏళ్లయితే, సినిమా పుణ్యమా అని మళ్లీ దుకాణానికొచ్చింది. మన వాట్సాప్ బొమ్మల వల్ల కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక్క అంబారీ ఏనుగు అదనంగా అమ్ముడైందా అని అడగాలనుంది.

మన కుర్రాళ్లలోనూ ఓపికగా చేసేవాళ్లున్నారు. బ్లెండర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో బొంగరం చెయ్యాలంటే సగం బొంగరం అంచు గీతగా గీసి, నిలువు అక్షం చుట్టూ ఒక చుట్టు తిప్పాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ పనిముట్టు పేరే లేత్. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో చేసేదీ అదే పని. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలి ఆనిస్తారు. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క ముక్కను అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దితే వస్తుంది మెరుపు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఫర్వాలేని చెట్ల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కంప్యూటరు ముందు కూర్చుని ఆ లక్కపిడతను గీయబోయే కుర్రాడు దాని మూతి ఎంత వెడల్పు, అంచు ఎంత మందం అని తెలుసుకోకుండా మొదటి గీత కూడా గీయలేడు. వాడికి నా నమస్కారం. మాటలు టైపు చేసి చేతులు దులుపుకునే వాడితోనే నా పేచీ.

ఇక్కడే నా పాత పాట ఎత్తుకుంటాను, విసుక్కోకండి. మనం కొలతలు రాసుకోం. పాటలు సేకరించాం, సామెతలు సేకరించాం, వాటి మీద డాక్టరేట్లూ తీసుకున్నాం. ఆటవస్తువు దగ్గరికొచ్చేసరికి కొలతలతో గీసిన పటం దొరకడం గగనం. తిరునాళ్లలో లాగుతుంటే టకటకమని మోగే డప్పు బండి అమ్మేవారు. ఇరుసు తిరిగితే పుల్లలు ఎలా లేచి డప్పు మీద పడతాయో కాగితం మీద గీసి చూపించమంటే నా వయసువాళ్లు బుర్ర గోక్కుంటున్నారు. అరవింద్ గుప్తాను చూడండి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో మొదలుపెట్టి చెత్తలోంచి వందల ఆటవస్తువులు చేశాడు. ఏది ముందు, ఏది వెనక అని వరసగా ఫొటోలు తీసి జనానికి ఊరికే ఇచ్చేశాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది, అది వేరే సంగతి. ఆయన పేజీ చూసి పదేళ్ల పిల్ల బొమ్మ చేసుకోగలదు. మన బంగారు అక్షరాల బొమ్మను చూసి ఫార్వర్డు తప్ప ఏం చేసుకుంటుంది?

సర్కారును ఆడిపోసుకుందామా అంటే వాళ్ల మొక్కుబడి వాళ్లు తీర్చారు. విదేశీ ఆటబొమ్మల మీద సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఏటికొప్పాక బొమ్మలు శకటమెక్కి ఢిల్లీలో ఊరేగాయి. అదే ఏడాది మన జనమేం చేశారు? తమ ఫొటోనే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన బొమ్మగా ఏఐ చేత మార్పించుకుని స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఆడుకునే వస్తువు పోయి, మనమే అలమరలో ప్రదర్శన వస్తువులమయ్యాం.

ఇంతకీ నిజం బొంగరం కొనిచ్చామే అనుకోండి, పిల్లవాడు దాన్ని ఎక్కడ తిప్పాలి? ‘ఆ రోజులే వేరు’ అని కన్నీళ్లు పెట్టుకున్న మా చుట్టాల్లో ఒకాయన ఒక అపార్టుమెంటు కమిటీలో పెద్దమనిషి. ఆ అపార్టుమెంటు సెల్లారులో ఎర్ర అక్షరాల బోర్డు ఉంది: ‘ఇచ్చట పిల్లలు ఆటలాడరాదు’. బంతి తగిలితే కారుకు సొట్ట, గోలీలు కాళ్ల కింద పడితే జారతారు, బొంగరం ములికికి టైల్స్ పగులుతాయి. మేడ మీదికి వెళ్దామంటే తాళం. ముందున్న కాస్త పచ్చిక ఫొటోల కోసం పెంచినది, తొక్కకూడదు. మట్టి నేల అన్నది ఆ కాంపౌండులో కుండీల్లో మాత్రమే ఉంది. నా చిన్నప్పుడు బొంగరం కన్నా ముందు వీధి ఉండేది. వీధి ఉండబట్టే బొంగరం. ఇప్పుడు వీధిని కార్లకిచ్చి, పిల్లల చేతికి ఫోనిచ్చి, ఆ ఫోనులోనే వాళ్లకు మన బాల్యాన్ని చూపిస్తున్నాం. వాళ్లు చూడటం లేదని మళ్లీ మనకే అలక.

కంప్యూటరు బొమ్మలు నేర్చిన పిల్లలకు ఒక మనవి. ఈ సెలవుల్లో అమ్మమ్మగారి ఊరెళితే ఒక టేపు పట్టుకెళ్లండి. ఎవరింటి అటక మీదైనా పాత బొంగరమో, లక్కపిడతో దొరికితే కొలవండి, అన్ని వైపుల నుంచీ ఫొటో తీయండి. చేసినవారి పేరు, ఊరు, కర్ర పేరు రాయండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు గీసుకోండి. పెద్దవాళ్లకు వేరే మనవి. మీ అపార్టుమెంటు కమిటీ ఈసారి కూర్చున్నప్పుడు లిఫ్టు రిపేరు, నీళ్ల ట్యాంకర్లతో పాటు ఆ ఎర్ర అక్షరాల బోర్డు సంగతి కూడా ఎజెండాలో పెట్టించండి.