ఏడ్వని శిశువు నెత్తురు

బిడ్డ పుట్టగానే యేడ్చెనా లేదా యనునది మన యిండ్లలో పురిటిగది వాకిట నిలిచినవారు మొట్టమొదట నడుగు ప్రశ్న. వైద్యశాస్త్రము సైతము ఇన్నాళ్లుగా ఆ ప్రశ్నకు చాల దూరము పోలేదు. 1953లో అమెరికా వైద్యురాలు వర్జీనియా అప్గార్ ప్రకటించిన పదింటి లెక్కయు, బొడ్డుతాడు రక్తమునందలి ఆమ్లత్వమును, 1976లో సార్నాట్ దంపతులు నిర్దేశించిన మూడు దశలును, శిశువునకు ఊపిరాడని సంగతిని, మెదడు కలతపడిన తీరును తెల్పునే కాని, ఆ గాయమెప్పుడు తగిలినదో తెల్పజాలవు.

నెత్తురు తెల్పునేమో యని యిప్పుడు పరిశోధకుల యాశ. నాడీకణము చెడినచో యూసీహెచ్-ఎల్1, దాని నంటియుండి పోషించు నక్షత్రాకార కణము చెడినచో జీఎఫ్ఏపీ, నాడీతంతువు తెగినచో న్యూరోఫిలమెంట్ అను మాంసకృత్తులు రక్తమున గలియును. వీనిలో మొదటి రెండింటి పరీక్షను పెద్దవారి తలగాయముల విషయమున అమెరికా 2018లోనే ఆమోదించినది. పసివాని విషయమున మాత్రము వ్యవధి లేదు: దేహమును 33.5 డిగ్రీలకు చల్లార్చి 72 గంటలుంచు చికిత్సను పుట్టిన 6 గంటలలోపల నారంభింపవలెను, న్యూరోఫిలమెంటో దినముల తరబడి నింపాదిగా పెరుగును. ఎన్ఎస్ఈ యను మరియొకటి ఎర్రకణములందును ఉండుటచే, మడమ గుచ్చి పిండిన నెత్తుట కణములు చిట్లెనా, అది అబద్ధమాడును.

ఇంతకును ఆ చికిత్స అందరు శిశువులకును హితమేనా? పాశ్చాత్యదేశములందు ప్రాణదాయియైన ఆ శీతలీకరణమే, భారత, శ్రీలంక, బంగ్లాదేశములలో 408 మంది శిశువులపై జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ పరిశోధనలో మరణములను పెంచినది. చల్లార్చినవారిలో 42 శాతము, చల్లార్చనివారిలో 31 శాతము మరణించిరి. లండనులోని ఇంపీరియల్ కళాశాలవారు 2024లో ప్రకటించిన రక్తపరిశీలన, చిన్నదే యైనను, దీనికొక కారణమును సూచించుచున్నది: ఇట్టి దేశముల శిశువుల జన్యువుల నడత, నిద్రలో మాటిమాటికి ఊపిరాగు పెద్దవారి తీరును పోలియున్నదట. అనగా గర్భమునందును నొప్పులయందును పలుమారులు ప్రాణవాయువు కొరవడినదనియు, అట్టి గాయమునకు చల్లార్చుట మేలు చేయకపోవచ్చుననియు వారి యూహ.

కావున గాయమెంత యని తూచు పరీక్షకంటె, గాయమెప్పటిదని చెప్పు పరీక్షయే మనకు ముందు కావలయును. అదియు మహానగర ప్రయోగశాలనుండి మరునాడు వచ్చు కాగితముగా గాక, జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి డ్యూటీనున్న నర్సు ఒక్క బొట్టుతో గంటలో తేల్చుకొనునదిగా నుండవలెను. గాయము పుట్టుకకు ఎంతో ముందే మొదలైనదని ఆ బొట్టు చెప్పినచో, చల్లార్చు పరికరములకు వెచ్చించు ధనమును గర్భిణుల పోషణకును, కాన్పువేళ శిశువు గుండెచప్పుడు విడువక వినుటకును మరల్పవలసియుండును.