ఆకట్టుకోవాలా? బుట్టలో వేసుకోవాలా?

నా మొదటి కవర్ లెటర్ ఇప్పటికీ మెయిల్‌లో ఉంది. బీటెక్ ఫైనలియర్‌లో ఒక కంపెనీకి రాశాను. 'నా మాటతీరుతో క్లయింట్లను ఇంప్రెస్ చేయగలను' అన్నది మొదట రాసుకున్న వాక్యం. 'ఇంప్రెస్' మరీ మామూలుగా ఉందనిపించి, ఆన్‌లైన్ థెసారస్ తెరిచాను. వరుసలో కాస్త బరువుగా కనిపించిన 'బిగైల్' పెట్టేశాను. ఇంటర్వ్యూలో మేడమ్ సరిగ్గా ఆ లైన్ దగ్గరే ఆగి అడిగారు: "అంటే మా క్లయింట్లను మాయమాటలతో పడేస్తావా?" నేను తెల్లమొహం వేశాను. ఆ ఉద్యోగం రాలేదు. బయటికొచ్చి డిక్షనరీ చూస్తే, అందులోని 'గైల్' అంటేనే కపటం అని తెలిసింది.

తప్పు థెసారస్‌ది కాదు. 1852లో రోజె తెచ్చిన పుస్తకం నుంచి నేటి యాప్‌ల దాకా దాని పని దగ్గరి మాటలను ఒకచోట చేర్చడమే. వాటి మధ్య తేడా మనమే తెలుసుకోవాలి.

నిజానికి ఈ తేడా మీకు కొత్తేం కాదు. 'బోర్డును ఆకట్టుకున్నాడు' అంటే మెచ్చుకోలు. 'బుట్టలో వేసుకున్నాడు' అంటే అనుమానం. 'కాకా పట్టాడు' అంటే వెక్కిరింత. ఈ మూడూ ఒకటేనని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? ఇంగ్లిష్‌లోనూ అంతే.

'ఇంప్రెస్' అంటే పనితోనో ప్రతిభతోనో మెప్పించడం. 'చార్మ్' అంటే నవ్వుతో, మాటతీరుతో మనసు దోచుకోవడం. అందులో మీ పనితనం కనిపించదు. 'ఎన్‌చాంట్' పాటలకు, కథలకు, అందమైన చోట్లకు నప్పుతుంది. రెజ్యూమెలో దానికి చోటు లేదు. 'క్యాప్టివేట్'లో ఖైదీ అనే అర్థమున్న లాటిన్ మాట దాగి ఉంది. ప్రేక్షకులను కట్టిపడేసే ప్రసంగానికి అది సరిపోతుంది. 'ఎంటైస్' అంటే ఆశ చూపి రప్పించడం. డిస్కౌంట్ ఆఫర్‌కు పర్వాలేదు, మనుషుల మధ్య వాడితే అనుమానమొస్తుంది. 'సెడ్యూస్' మాత్రం ఆఫీసు మెయిల్ దరిదాపుల్లోకి రానివ్వకండి. ముందుగా తట్టేది శృంగారపు అర్థమే.

'ఫాసినేట్'తో ఇంకో చిక్కుంది. ఒకప్పుడు మంత్రం వేయడం అనే అర్థమున్న ఈ మాటను ఇప్పుడు ఒక విషయం మీద గట్టి ఆసక్తి కలిగించడానికి వాడతారు. 'ఐ యామ్ ఫాసినేటెడ్ బై డేటా' అంటే డేటా అంటే నాకు మహా ఆసక్తి అని. 'ఐ యామ్ ఫాసినేటింగ్' అంటే 'నేను భలే ఆసక్తికరమైన మనిషిని' అని మీకు మీరే సర్టిఫికెట్ ఇచ్చుకున్నట్టు! చివర రెండక్షరాల తేడాతో అర్థం తిరగబడింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగ దరఖాస్తుకు ఈ మాటల్లో చాలావరకు అక్కర్లేదు. అక్కడ పనికొచ్చేవి రెండు: నమ్మేలా చేసే 'కన్విన్స్', ఒప్పించి పని చేయించే 'పర్సుయేడ్'. వాటి పక్కన మీరు చేసిన పని ఉండాలి. 'అందరినీ చార్మ్ చేయగలను' అని రాసేకన్నా, 'కాలేజ్ ఫెస్ట్‌కు ముగ్గురు స్పాన్సర్లను ఒప్పించాను' అని రాయండి. మొదటిది మీ గురించి మీరు చెప్పుకునే మాట. రెండోది వాళ్లు ప్రశ్న అడిగి తేల్చుకోగల విషయం.

వెయ్యి పదాల లిస్టులు బట్టీ పట్టే ఓపిక ఉన్నవాళ్లు అందులో పావు వంతు ఇక్కడ పెట్టండి. యాప్ గానీ, ఏఐ టూల్ గానీ మీ వాక్యంలో మాట మార్చిందంటే, పంపేముందు ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ లేదా కేంబ్రిడ్జ్ డిక్షనరీలో ఒకసారి వెతకండి. రెండూ ఆన్‌లైన్‌లో ఉచితమే. అర్థం ఒక్కటే చూసి ఆగకండి, ఉదాహరణ వాక్యాలూ చదవండి. పక్కన 'డిసప్రూవింగ్' అని ఉంటే ఆ మాటలో తిట్టు దాగుందని, 'లిటరరీ' అని ఉంటే అది కథలకే అని గుర్తు. మాటకు రెండు నిమిషాలు పట్టదు.

ఇంగ్లిష్ మీడియం కాదని బెంగ వద్దు. నేను చదివింది ఇంగ్లిష్ మీడియమే. అయినా 'బిగైల్' రాసింది నేనే కదా!