తీసేశాం కదా, ఇంకేం బాధ?

"గాల్‌బ్లాడరే కదమ్మా, గుండెకాయ కాదుగా! అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." మొన్న టీవీ ఆరోగ్య కార్యక్రమంలో ఓ సర్జన్‌గారు సెలవిచ్చిన మాట ఇది. ఫోన్ చేసినావిడ అడిగిందేమీ వింత కాదు. ఆపరేషనై నెలలు గడిచినా టిఫిన్ తినగానే బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తోంది, బస్సెక్కాలంటే భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు అని అడిగింది. ఆయన నవ్వారు. "మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు. కారం తగ్గించండి, పరగడుపున గ్యాస్ బిళ్ళ వేసుకోండి, అదే అలవాటైపోతుంది" అన్నారు. యాంకరమ్మ కూడా నవ్వేసి ఇంకో ఫోన్ తీసుకుంది.

నాకు ఒళ్లు మండింది. నాకూ గాల్‌బ్లాడర్ తీసేశారు కాబట్టి ఈ మంటలో సొంత బాధ కొంత ఉందని ముందే చెప్పేస్తున్నాను.

ఉన్నా లేకున్నా ఒకటేనట! ఇలా అనేవాళ్ల దగ్గర ఓ గుర్రం సాక్ష్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. గుర్రానికి గాల్‌బ్లాడర్ లేదు, ఎలుకకూ లేదు, అవి బతకడం లేదా అంటారు. బతుకుతున్నాయి స్వామీ. కానీ గుర్రం రోజంతా గడ్డి మేస్తూనే ఉంటుంది. అది శనివారం ఒంటిపొద్దు ఉండదు. ఒంటిగంటన్నరకు పెళ్లి పంక్తిలో కూర్చుని ముద్దపప్పులో గరిటెడు నెయ్యి పోయించుకోదు. పూర్ణం బూరెకు వేలితో చిల్లు పెట్టి అందులోనూ నెయ్యి నింపమనదు. గంటల తరబడి ఖాళీ కడుపు, ఆపైన ఒక్కసారిగా ఇంత కొవ్వు, ఇదీ మన తిండి తీరు. ఈ తీరుకు పనికొచ్చేదే ఆ సంచి.

లివర్ రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. గాల్‌బ్లాడర్‌లో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. కాకపోతే దాన్ని నీరు తీసి చిక్కబరిచి ఉంచుతుంది. కొవ్వు పేగులోకి దిగగానే ఓ హార్మోన్ కబురు అందుకుని ముడుచుకుని, రసాన్ని వదులుతుంది. సంచి పోయాక ఆ రసం వేళాపాళా లేకుండా కారుతూనే ఉంటుంది, మేడమీది ట్యాంకు పీకేసి మోటారును నేరుగా కుళాయికి కలిపినట్టు. చాలామంది ఒళ్లు దీనికి సర్దుకుంటుంది, నిజమే. కొందరి ఒళ్లు సర్దుకోదు. మామూలుగా పైత్య ఆమ్లాల్లో నూటికి 95 వంతులు చిన్నపేగు చివర మళ్లీ రక్తంలోకి వెళ్లిపోతాయి. అక్కడ తప్పించుకుని పెద్దపేగులోకి ఎక్కువగా దిగితే అక్కడ నీళ్లు ఊరతాయి. ఆపుకోలేని తొందర, నీళ్ల విరేచనం అందుకే. ఇందులో ఆవిడ ఎక్కువ ఆలోచించింది ఎక్కడ?

ఇక ఆ గ్యాస్ బిళ్ళ. మన ఊళ్లల్లో ఛాతీలో మంటకీ అదే, నడుం నొప్పి బిళ్ళలకు తోడుగానూ అదే. అది పొట్టలో ఊరే ఆమ్లాన్ని తగ్గిస్తుంది. పెద్దపేగులోకి దిగిపోయిన పైత్యరసాన్ని అది ఏం చేస్తుంది? ఏమీ చేయదు. పైగా కొందరికి ఆ బిళ్ళతోనే విరేచనాలు పట్టుకుంటాయి. దీనికి పనికొచ్చే మందు వేరే ఉంది. పేరు కొలెస్టిరమైన్. కొలెస్ట్రాల్ తగ్గించడానికి దశాబ్దాల కిందట వచ్చిన పొడి. నీళ్లలో కలుపుకుని తాగితే ఇసక నోట్లో పోసుకున్నట్టు పళ్లకు తగులుతుంది, రుచి గురించి చెప్పకపోవడమే మేలు. కానీ పేగులో పైత్య ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పడినవాళ్లకు కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. మోతాదు మించితే మలబద్ధకం. ఇంకో చిక్కు, వేరే మందులనూ ఇది పట్టేసుకుంటుంది. థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్లు రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం పాటించాలి. ఇంత చిన్న సంగతి చెప్పడానికి టీవీలో ఎంతసేపు పడుతుంది? నవ్వడానికి పట్టినంత సేపే.

ఆపరేషన్ జరిగిన సాయంత్రం ఆసుపత్రివాళ్లు మా ఇంట్లోవాళ్లకు చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందులో నా రాళ్లు, పెసరగింజంతవి, ముదురు ఆకుపచ్చవి, ఒకదానికొకటి ఒరుసుకుని నున్నబడినవి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఆ డబ్బా ఊపి చూశారు. రాళ్లు చూపించడానికి ఉన్న శ్రద్ధ, రాళ్లు పోయాక ఏమవుతుందో చెప్పడానికి లేదు. డిశ్చార్జి కాగితంలో కొవ్వు తక్కువ తినాలని ఒక్క ముక్క, దానికి పిన్ను కొట్టి ఓ డైట్ చార్టు. ఆ చార్టు ఎవరి ఇంటికోసం రాశారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. పొద్దున ఓట్స్, పదకొండుకు యాపిల్, మధ్యాహ్నం ఉడికించిన బ్రోకలీ, రాత్రి సూప్. ఇడ్లీ తినొచ్చా, దాంట్లోకి కొబ్బరి చట్నీనా పల్లీ చట్నీనా, ఆవకాయ నూనె వంపేసి తింటే పర్వాలేదా, పులిహోరలో పోపు నూనె ఎంత, ఉప్మాలో జీడిపప్పు వెయ్యాలా వద్దా, గోంగూర మాటేమిటి? మనకు కావలసిన ప్రశ్నల్లో ఒక్కటీ అందులో లేదు. ఆలివ్ నూనె మాత్రం ఉంది! నూనె ఏ దేశానిదైనా కొవ్వే కదండీ. చార్టు చూసి భయపడి నెయ్యి, పెరుగు, పప్పు అన్నీ మానేసి, మజ్జిగన్నంతో చిక్కి సగమైనవాళ్లను నేనెరుగుదును. అదీ ఓ వైద్యమేనా?

అసలు కష్టం మన ఊళ్లో బయట తిరిగేవాళ్లది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు వెతుక్కునే వయసులో, బస్టాండులో శౌచాలయం ఏ మూల ఉందో వెతుక్కోవడం. ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, పొలం పనిలోనో బట్టల కొట్లోనో ఉండేవాళ్లు పొద్దున తిండే మానేస్తారు. వీళ్లకు "అంతా మీ మనసులోనే ఉంది" అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆపరేషన్ వద్దని నేననడం లేదు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి గాల్‌బ్లాడర్ తీసినప్పటి నుంచి ఇది ప్రాణాలు నిలబెడుతూనే ఉంది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహే దీన్ని లాప్రోస్కోపీతో చేశారు, 1990లో ముంబయిలో డాక్టర్ ఉద్వాడియా మన దేశానికి తెచ్చారు. కోత చిన్నదైంది, సంతోషం. దాంతోపాటు మాటా చిన్నదైంది. రోగి మర్నాడే ఇంటికి, ఫైలు బీరువాలోకి. నెదర్లాండ్స్‌లో 24 ఆసుపత్రుల్లో వెయ్యిమందికి పైగా రోగులపై చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. రాళ్లూ కడుపునొప్పీ ఉన్నవాళ్లు వాళ్లంతా. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది మామూలు పద్ధతిలోనే నిర్ణయించిన బృందంలోనూ ఏడాది తర్వాత పదిమందిలో నలుగురికి నొప్పి పూర్తిగా పోలేదు. కడుపుబ్బరమూ తేన్పులూ అన్నీ రాళ్ల ఖాతాలో రాసేసి కత్తి పట్టుకుంటే ఇంతే మరి. ఇక, సంచే లేని మనిషికి యూట్యూబ్‌లో నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి తాగించి లివర్ కడిగేస్తామనే మహానుభావులు ఉన్నారు. వాళ్లమీద సిరా ఖర్చు చేయను.

మరేం చేయాలంటారా? తెలుగులో ఒక్క పేజీ కాగితం, మన వంటలతో. ఆపరేషనైన ఆరు వారాలకు ఒకసారి పిలిచి, కుట్లు మాత్రమే కాక కడుపు ఎలా ఉందని అడగడం. ఆ పేజీ ఎవరు రాస్తారో, ఎవరు అచ్చు వేయిస్తారో పెద్దలే తేల్చుకోవాలి.

మీ మటుకు మీరు కొవ్వును ఒకే పూట కాకుండా కొంచెం కొంచెంగా పంచుకుని తినండి, పరగడుపు కాఫీ పడకపోతే మానండి, ఇసబ్గోల్ కొందరికి మేలు చేస్తుంది. కళ్లు పచ్చబడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కుడి డొక్కలో పాత నొప్పి తిరగబెట్టినా చిట్కాలు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, నాళంలో రాయి మిగిలి ఉండవచ్చు. అవేవీ లేకుండా విరేచనాలే నెలల తరబడి ఆగకపోతే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లి పైత్య ఆమ్లాల మాట మీరే ఎత్తండి. ఆయన నవ్వితే డాక్టర్ని మార్చండి.