ఓడిన పార్టీకి దారేది? విలీనమా, కొట్లాటా?

2009 మే 16. హన్మకొండ చౌరస్తాలో ఒక చాయ్ హోటల్. లోపలి టీవీ కనబడేటట్టు బయట రోడ్డు దాకా జనం నిలబడ్డారు. మధ్యాహ్నానికే సంగతి తేలిపోయింది. టీఆర్ఎస్ పోటీ చేసిన 45 అసెంబ్లీ స్థానాల్లో గెలిచినవి 10. తొమ్మిది లోక్‌సభ స్థానాల్లో రెండు. "ఇగ తెలంగాణ ముచ్చట ఒడిసినట్టే" అన్నాడు నా పక్కనున్న పెద్దమనిషి. ఆయన తెలంగాణ వ్యతిరేకి కాదు. 1969లో చదువు పక్కనబెట్టి రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్న మనిషి. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో మొఖం చూస్తేనే తెలిసింది.

ఆ తర్వాత సలహాల వాన కురిసింది. ప్రజలు తెలంగాణ వాదాన్ని తిరస్కరించారని పాలకపక్షం చంకలు గుద్దుకున్నది. రాష్ట్రం సంగతి పక్కనబెట్టి ఒక బోర్డో, ప్యాకేజీయో అడిగి తీసుకోమని మేధావులు చెప్పారు. కాంగ్రెస్‌లో కలిసిపోతే ఏం పోతదని అలసిపోయినవాళ్లు గొణిగారు. ఓడిన ప్రతి పార్టీ ముందుకూ ఈ ప్రశ్న వస్తుంది. రాజీపడాలా, కొట్లాడాలా? అదే పార్టీ బీఆర్ఎస్‌గా పేరు మార్చుకొని 2023 డిసెంబర్ 3న 39 సీట్ల దగ్గర ఆగిపోయి, 2024 జూన్ 4న లోక్‌సభలో సున్నా తెచ్చుకొని, మళ్లీ ఆ ప్రశ్న ముందే నిలబడ్డది. బీజేపీలో విలీనమవుతుందన్న మాట పదే పదే వినబడింది. పార్టీ ఖండించింది. ఖండించినా ఆ మాట మళ్లీ మళ్లీ ఎందుకు పుడుతున్నదో ఆలోచించాలె. అందుకే పాత లెక్కలు తీయవలసి వస్తున్నది.

నా మాట ముందే చెప్తాను. కొట్లాడవలసిందే. కానీ ఎవరి కోసం కొట్లాడుతున్నారని జనం అడిగితే నోట మాట రాని పార్టీ కొట్లాడినా ఒకటే, కొట్లాడకున్నా ఒకటే.

ముందు 1971 సంగతి. ఆ ఏడాది మార్చిలో దేశమంతటా ఇందిరాగాంధీ గాలి వీచింది. తెలంగాణలో మాత్రం 14 లోక్‌సభ స్థానాల్లో 10 తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. 369 మంది అమరులని మనం చెప్పుకునే ఉద్యమానికి జనం ఇచ్చిన తీర్పు అది. ఓడిపోయి కూలబడ్డ పార్టీ కాదు, గెలిచిన పార్టీ. అయినా ఆరు నెలలకే, సెప్టెంబర్‌లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా ఏం దొరికింది? బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రయ్యారు. తెలంగాణవాడు కుర్చీ ఎక్కిండు కదా అని సంబరపడ్డవాళ్లూ ఉన్నారు.

ఆ సంబరం ఎన్నాళ్లున్నది? 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో మనమే గెలిచినం. దాని మీద అటు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో పీవీ పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడు ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు పోయాయి. తెలంగాణ ప్రాంతీయ సంఘం పోయింది. కోర్టులో గెలిచింది బేరంలో ఓడిపోయినం. ఆ బేరం జరిగేటప్పుడు మన తరఫున బల్ల గుద్ది అడగడానికి ఒక పార్టీ లేకుండాపోయింది. పది మంది ఎంపీల పార్టీ అప్పటికే అవతలి ఇంట్లో చాప పరుచుకొని కూర్చున్నది.

తర్వాతి కథ ఉద్యోగులకు నేను చెప్పవలసిన పనిలేదు. ఆరు సూత్రాల నుంచి 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటిని ఉల్లంఘించి చేసిన నియామకాలను సరిదిద్దడానికి 1985లో 610 జీవో వచ్చింది. ఆ జీవో అమలు కాలేదని మొత్తుకుంటే 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ఒక్క విలీనం ఖరీదు ముప్పై ఏండ్లు కట్టినం. విలీనం చేసిన మర్రి చెన్నారెడ్డి మాత్రం తర్వాత గవర్నరయ్యారు, రెండుసార్లు ముఖ్యమంత్రయ్యారు. సదువులు ఆగమైన పోరగాండ్ల పేర్లు ఎవరికి యాదికున్నయి?

అట్లాగని ప్రతి సర్దుబాటూ ద్రోహమని నేననను. 2004లో టీఆర్ఎస్ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది. 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ స్థానాలు గెలిచింది. తెలంగాణ మాట ఢిల్లీలో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కింది. అది చిన్న సంగతి కాదు. కానీ ఆ మాట ప్రణబ్ ముఖర్జీ కమిటీ గుమ్మం దగ్గరే పడి ఉంటే రెండేండ్లు మంత్రి పదవుల్లో కూర్చున్నారు. 2006లో బయటికి వచ్చారు. ఆ డిసెంబర్‌లో కరీంనగర్ ఓటర్లు 2 లక్షలకు పైగా ఆధిక్యంతో కేసీఆర్‌ను గెలిపించారు. బయటికి వచ్చినందుకు జనం ఇచ్చిన బహుమానం అది.

పార్టీ మాత్రం దాన్ని ఇంకో తీరుగా అర్థం చేసుకున్నది. రాజీనామా చేస్తే చాలు, జనం ఓట్లేస్తారనుకున్నది. 2008లో 16 మంది ఎమ్మెల్యేలు, నలుగురు ఎంపీలు రాజీనామా చేశారు. ఉప ఎన్నికల్లో ఏడుగురు ఎమ్మెల్యేలు, ఇద్దరు ఎంపీలు మాత్రమే తిరిగి వచ్చారు. ఆ దెబ్బకు భయపడి 2009లో తెలుగుదేశం, కమ్యూనిస్టులతో మహాకూటమి కట్టారు. పోలింగ్ అయిపోయి ఇంకా పెట్టెలు తెరవకముందే, మే 10న లూధియానాలో ఎన్డీఏ వేదిక ఎక్కారు. పల్లెలో సైకిల్ గుర్తుకు ఓటేయమని తిరిగిన కార్యకర్త మరునాడు పేపర్ చూసి ఎవరికి మొఖం చూపించాలె? హన్మకొండ చౌరస్తాలో పెద్దమనిషి అన్న మాట వెనుక ఈ కథంతా ఉన్నది. సీట్లు తగ్గినందుకు ఆయన బాధపడలేదు, మాట నిలవనందుకు బాధపడ్డాడు.

మరి ఆరునెలల్లో తెలంగాణ ఎట్లా భగ్గుమన్నది? ఇక్కడ కొంచెం ఆగి చూడాలె.

2009 అక్టోబర్ 9న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14(ఎఫ్) ప్రకారం పోలీసు నియామకాలకు హైదరాబాద్ ఫ్రీజోన్ అన్నారు. 1973 బేరం అంటే ఏమిటో ముప్పై ఆరేండ్ల తర్వాత తెలంగాణ పిల్లలకు అర్థమైంది. ఎస్సై ఉద్యోగం కోసం పొద్దున్నే గ్రౌండులో ఉరికే పిలగాడికి తెలంగాణ అంటే ఇంక జెండా, పాట మాత్రమే కాదు, తన నౌకరి. ఆ పన్నెండు రోజులకే, అక్టోబర్ 21న ఉద్యోగులు సిద్దిపేటలో గర్జించారు. టీఆర్ఎస్ గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో పోటీకే దిగలేదు. నవంబర్ 29న కేసీఆర్ దీక్షకు బయల్దేరితే అలుగునూరు దగ్గర పట్టుకొని ఖమ్మం జైలుకు తీసుకపోయారు. మరునాడు దీక్ష విరమించారన్న వార్త వచ్చింది.

ఆ ఒక్క రాత్రి గురించి ఒక పుస్తకం రాయవచ్చు. ఉస్మానియా ఊకోలేదు. కాకతీయ ఊకోలేదు. పిల్లలు రోడ్ల మీదికి వచ్చి దీక్ష విరమించే హక్కు ఎవరిచ్చారని నాయకుడినే నిలదీశారు. దీక్ష కొనసాగుతుందని చెప్పవలసి వచ్చింది, కొనసాగింది. ఎల్బీనగర్‌లో ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి డిసెంబర్ 3న కన్నుమూశాడు. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. 23న మాట మార్చగానే మరునాడే జేఏసీ పుట్టింది. 2010లో మళ్లీ రాజీనామాలు, జులైలో మళ్లీ ఉప ఎన్నికలు. 12 స్థానాల్లో టీఆర్ఎస్ 11, బీజేపీ ఒకటి గెలిచాయి.

2008లో ఎత్తిన ఆయుధమే 2010లోనూ ఎత్తారు. పార్టీ అదే, నాయకుడు అదే, నినాదం అదే. ఒకసారి సగం ఓడిపోయి, ఇంకోసారి అన్నీ ఎందుకు గెలిచారు? 2008లో పార్టీ రాజీనామా చేసి మా పరువు కాపాడమని జనం దగ్గరికి పోయింది. 2010లో జనమే రాజీనామా చేయమని ఎమ్మెల్యేల ఇండ్ల ముందర కూర్చున్నారు. ఓడిన పార్టీకి బలం ఎక్కడినుంచి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆనాడు పార్టీని మోసింది విద్యార్థి, ఉద్యోగి, ఆర్టీసీ కార్మికుడు, వకీలు. 2011 సకల జనుల సమ్మె 42 రోజులు నడిచిందంటే వాళ్ల జీతాలు కోసుకొని నడిపించారు.

ఇప్పుడు 2023 ఓటమి దగ్గరికి వద్దాం. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కూ బీఆర్ఎస్‌కూ ఓట్ల తేడా సుమారు 2 శాతం. అది కోలుకోలేని ఓటమేం కాదు. కానీ ఆరు నెలలకు లోక్‌సభ ఎన్నికల్లో 37 శాతం ఓటు 17 శాతానికి పడిపోయింది. 2009లో ఓడితే ఆరు నెలల్లో జనం లేచారు. 2023లో ఓడితే ఆరు నెలల్లో జనం ఇంకింత దూరం జరిగారు.

కారణం వెతకడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. సకల జనుల సమ్మెలో బస్సులాపిన కార్మికులే 2019లో తమ కోసం 52 రోజులు సమ్మె చేశారు. తమను తామే ఉద్యోగాల్లోంచి తీసేసుకున్నారని వాళ్లకు చెప్పింది స్వరాష్ట్ర ప్రభుత్వమే. ధర్నాలు చేసి అధికారంలోకి వచ్చిన పార్టీ 2017లో ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను మూసింది. 2021 నవంబర్‌లో వడ్ల కొనుగోలు కోసం కేంద్రం మీద ధర్నా చేయవలసి వస్తే అదే ధర్నాచౌక్‌లో ముఖ్యమంత్రి కూర్చున్నారు! నియామకాల కోసం తెచ్చుకున్న రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది. పేపర్ లీకై 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. రెండోసారి పెట్టినదాన్ని సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. ఫ్రీజోన్ మీద లేచిన పిలగాండ్ల తమ్ముళ్లే ఆ పరీక్షలు రాసినవాళ్లు. ఇవన్నీ ఒక ఎత్తు, పేరులోంచి తెలంగాణ తీసేసుకోవడం ఇంకో ఎత్తు. రైతుబంధు, మిషన్ భగీరథ, కరెంటు మంచివి కావని కాదు. వాటిని అనుభవించినవాళ్లు కూడా దూరం జరిగారంటే తమ మాట వినేవాడు లేడని జరిగారు.

ఫిరాయింపుల సంగతీ అంతే. పదిమంది ఎమ్మెల్యేలను కాంగ్రెస్ గుంజుకున్నదని బీఆర్ఎస్ సుప్రీంకోర్టుకెక్కింది. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న కోర్టు చెప్పింది. ఆ కొట్లాట న్యాయమైనదే. కానీ 2019 జూన్‌లో కాంగ్రెస్ గెలిచిన 19 మందిలో 12 మందిని తనలో కలుపుకున్న పార్టీ అది. తెలుగుదేశం ఎమ్మెల్యేలనూ అట్లాగే కలుపుకున్నది. 'అప్పుడు చేసింది తప్పే' అని ఒక్క ముక్క చెప్పి కోర్టు మెట్లెక్కితే జనం వెంట వచ్చేవాళ్లు. అన్నట్టు, ఆ 12 మంది పోయిన తర్వాత మిగిలిన కాంగ్రెస్సే నాలుగేండ్లకు 64 సీట్లు గెలిచింది. పోయినవాళ్లను లెక్కబెట్టుకుంటూ కూర్చుంటే గెలిచేది కాదు.

కొట్లాడటానికి పని లేదా అంటే కుప్పలున్నది. 2024 నవంబర్‌లో లగచర్ల రైతులు భూములియ్యమని ఎదురుతిరిగారు. అక్కడికి బీఆర్ఎస్ వాళ్లు పోయారు, జైలుకూ పోయారు, కాదనను. ఆ నెలాఖరుకు ప్రభుత్వం భూసేకరణ నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల కోసం హెచ్‌సీయూ విద్యార్థులు బుల్డోజర్లకు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది. రిటైరైన ఉద్యోగులు తమ డబ్బుల కోసం కోర్టుకు తిరిగారు. ఈ మూడుచోట్లా ముందు లేచింది ఏ పార్టీ కాదు.

విలీనం చేసుకుంటే కేసుల నుంచి రక్షణ దొరుకుతుందేమో, ఢిల్లీలో ఒక కుర్చీ దొరుకుతుందేమో. 1971లోనూ అవి దొరికాయి. రేపు కృష్ణా, గోదావరి నీళ్ల పంపకం దగ్గర తెలంగాణ తరఫున బల్ల గుద్దే పార్టీ లేకపోతే ఆ నష్టం ఏ ఒక్క పార్టీది కాదు. అందుకే ఆ పార్టీ మీద కోపమున్నవాళ్లు కూడా అది ఢిల్లీ పార్టీల్లో కరిగిపోవాలని కోరుకోకూడదు.

పార్టీ నిజంగా కొట్లాడదలచుకుంటే మొదటి సభ ఇందిరాపార్కు దగ్గరే పెట్టాలె. వేదిక మీద 2019 సమ్మెలో ఉన్న ఒక కండక్టరునూ, గ్రూప్-1 రెండుసార్లు రాసిన ఒక పిల్లనూ కూర్చోబెట్టాలె. నాయకులు కింద కూర్చొని, మైకు వాళ్లకియ్యాలె. ఆ ఇద్దరూ చెప్పింది విన్న తర్వాత ఏం మాట్లాడాలో అప్పుడు ఆలోచించుకోవచ్చు. హన్మకొండ పెద్దమనిషికి ఇప్పుడు డెబ్బై దాటింది, నడక తగ్గింది. ఆ సభ పెడితే మాత్రం హైదరాబాద్ దాకా నేనే బస్సెక్కించి తీసుకొస్తాను.