గురువుగారి గడియారం

బెర్నార్డ్ షా పేరెత్తగానే మనవాళ్ళు తగిలించే బిరుదు ‘స్త్రీల పక్షపాతి’. రుజువు అడిగితే ‘పిగ్మేలియన్’ చూపిస్తారు. కవెంట్ గార్డెన్‌లో పూలమ్ముకునే ఎలైజా ఆర్నెల్లలో ఉచ్చారణ నేర్చుకుని దొరసాని అవుతుంది, చివర్లో నేర్పిన హిగిన్స్‌కే ఎదురు తిరుగుతుంది. ఇంకేం కావాలి?

నేనూ అలాగే అనుకున్నాను, షా 1916లో పుస్తకానికి జోడించిన వెనుకమాట చదివేదాకా.

నాటకాన్ని తక్కువ చెయ్యను. ఎలైజా మొర చాలా పదునైంది. పూలు అమ్ముకున్న రోజుల్లో తనని తాను అమ్ముకోలేదు. దొరసానిని చేశాక అమ్ముకోడానికి తను తప్ప ఇంకేమీ మిగల్లేదు. అంటే అంతస్తు పెరిగింది, బతుకుతెరువు పోయింది. ఆనాటి బ్రిటిష్ మధ్యతరగతి స్త్రీకి పెళ్ళే వృత్తి అని సిసిలీ హామిల్టన్ 1909లో ఏకంగా పుస్తకమే రాసింది. షా ఆ సంగతిని రంగస్థలం మీద రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఆ తర్వాత ఎలైజాకి దారి కూడా దొరుకుతుంది: ఫొనెటిక్స్ పాఠాలు చెప్పుకుని బతుకుతానంటుంది. నువ్విచ్చిన విద్యని వెనక్కి తీసుకోలేవు అని హిగిన్స్ మొహం మీదే అంటుంది. నాటకం మొత్తంలో ఆమె నిజంగా గెలిచేది అక్కడే.

వెనుకమాటలో షా ఆ గెలుపుని వెనక్కి లాగేసుకున్నాడు. పాఠాలు చెప్పే అర్హత ఇంకో పదేళ్ళకి గానీ రాదని హిగిన్స్ తేల్చేస్తాడు. ఎలైజా కూడా ఒప్పుకుంటుంది. ఆ విద్య హిగిన్స్ చేతి గడియారంలాగే ఆయన సొంత ఆస్తి అట, ఆయన అనుమతి లేకుండా వాడుకోకూడదట! చివరికి ఏ పనీ చేతకాని ఫ్రెడీతో పెళ్ళి, కల్నల్ పికరింగ్ డబ్బుతో పూలకొట్టు.

ఇది చదువుతుంటే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. రెండేళ్ళ బాండ్ రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే ట్రెయినింగ్ ఖర్చు కక్కాలి. రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్నది నేను, బుర్ర నాది, గడియారం మాత్రం వాళ్ళది. నాకు రెండేళ్ళకైనా విడుదల దొరికింది. ఎలైజాకి గడువే లేదు.

షా అభిమానుల జవాబు నాకు తెలుసు. 1914లో లండన్ ప్రదర్శనలో హిగిన్స్ వేషం కట్టిన బీర్బోమ్ ట్రీ, ఆఖర్న ఎలైజా వైపు పూలు విసిరి దాన్ని ప్రేమకథ చేసేశాడు. ఆ ప్రేమకథ నుంచి ఆమెని కాపాడ్డానికే షా వెనుకమాట రాశాడు అంటారు. సరే. హిగిన్స్‌కి కట్టబెట్టకపోవడం మంచిదే. దానికోసం ఆమె చేతిలోని విద్యని ఎందుకు లాక్కోవాలి? “ఆ రోజుల్లో అంతకన్నా సాధ్యం కాదు” అంటారేమో, అదీ చెల్లదు.

ఎందుకంటే 1912లోనే స్టాన్లీ హౌటన్ ‘హిండిల్ వేక్స్’ రంగస్థలం ఎక్కింది. లాంకషైర్ మిల్లులో నేతపని చేసే ఫానీ, సెలవుల్లో మిల్లు యజమాని కొడుకు ఆలన్‌తో రెండ్రోజులు హోటల్లో గడిపి వస్తుంది. గుట్టు బయటపడుతుంది. రెండిళ్ళ పెద్దలూ కూర్చుని పెళ్ళి ఖాయం చేసేస్తారు. పిల్లని అడగాలని ఒక్కరికీ తోచదు. ఫానీ వద్దంటుంది. తన మేలు కోరి త్యాగం చేస్తోందని ఆలన్ మురిసిపోబోతే, నేను చూసుకుంటున్నది నా బతుకు, నీది కాదు అని తేల్చి చెబుతుంది. అతనికి తను సరదా అయితే, తనకీ అతను సరదాయే! తల్లి ఇంట్లో ఉండనివ్వకపోయినా బెదరదు. మరమగ్గాలు తిరుగుతున్నంత కాలం కూలి దొరుకుతుందని ఆమెకి తెలుసు.

ఫానీ యాస మార్చుకోలేదు, దొరసాని కాలేదు, ఎవరి పెట్టుబడీ అడగలేదు. హౌటన్ షా అంత మేధావి ఏమీ కాదు. మాంచెస్టర్‌లో తండ్రి బట్టల వ్యాపారం చూసుకుంటూ రాసినవాడు, 1913లో ముప్పై రెండేళ్ళకే పోయాడు. కానీ కూలి డబ్బు ఒక ఆడపిల్లకి ఎంత ధైర్యమిస్తుందో దగ్గర్నుంచి చూశాడు. షాకి కూలివాళ్ళ మీద జాలి ఉంది, వాళ్ళ తరఫున వాదించే నోరుంది. వాళ్ళు తన చెయ్యి వదిలి నడుస్తారన్న నమ్మకమే లేదు.

ఈసారి ఎవరైనా ‘పిగ్మేలియన్’ని స్త్రీ విముక్తి నాటకం అంటే, వెనుకమాటతో సహా చదివారా అని అడగండి. చదివామంటే, ఆ గడియారం ఎవరిదో చెప్పమనండి.